రాసినవాడే పక్కన నిలబడాలి

సాయంత్రం నాలుగూ పదికి మా ఆఫీసుకు టీ వచ్చింది. రోజూ వచ్చే టీయే, రోజూ వచ్చే వేళే. ఆ ఒక్కరోజు వేళ మాత్రం ఇంకా గుర్తుంది, ఎందుకంటే గ్లాసు అందుకుని ఊదుకుంటూ గోడగడియారం కేసి చూస్తుండగా మా మేస్త్రీ వెనక నుంచి వచ్చి, "శుక్రవారం మనలి పోతాండాము అబ్బాయ్. వాల్వు పక్కన నువ్వు నిలబడాల" అన్నారు. ఆ టీ నేను తాగలేదు. ఆ రోజుల్లో భయపడటానికి మాకు విడిగా తీరిక దొరికేది కాదు, పని చేస్తూ చేస్తూనే భయపడేవాళ్ళం. ఇప్పుడు కంప్యూటర్ పనిలో ఉన్న పిల్లలు ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని భయపడుతుంటారు, అది చిన్న భయమని నేననను. నేను ఆ పనిలో మొట్టమొదట భయపడింది మాత్రం నా ఒంటి మీది చర్మం గురించి. కుర్చీలో కూర్చుని ప్రోగ్రాములు రాసే మనిషికి చర్మం గురించి భయం ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఆఫీసు సౌకార్‌పేటలో, స్టీలు గిన్నెలు టోకున అమ్మే కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది. కింద గిన్నెల కట్టలు దించిన ప్రతిసారీ పైన మా బల్లలు అదిరేవి. ఆ అదురుకు కంప్యూటర్‌లో డిస్కు పాడైపోతుందేమోనని నేను బల్లను రెండు చేతులతో పట్టుకునేవాణ్ని (నేను పట్టుకుంటే ఆగే అదురు కాదది, అయినా పట్టుకునేవాణ్ని). ఊరి పేరు అప్పుడప్పుడే మారింది. బోర్డుల మీద చెన్నై, మా నోళ్ళలో ఇంకా మద్రాసే. గదిలో ముగ్గురం. కోస్తా నుంచి వచ్చిన నేను, మా మేస్త్రీ, కెమిస్ట్రీ. కెమిస్ట్రీ అంటే నా ఈడువాడే, కాలేజీలో రసాయన శాస్త్రం చదివి, సాయంత్రాలు ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్చుకుని మా దగ్గర చేరాడు. వాళ్ళ కుటుంబం మద్రాసు ఎప్పుడు వచ్చిందో వాళ్ళ నాయనకే కాదు, వాళ్ళ తాతకు కూడా తెలియదట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నాతో ఆ రెండూ కలిపి మాట్లాడేవాడు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఆంధ్రా అనేవాడు.

మేస్త్రీ అన్నది మేము వెనకాల పిలుచుకునే పేరు, ఎదుట సార్. వాళ్ళ నాన్నగారు నిజంగానే ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఇటుకలతో కమాను కట్టి, కింద ఆనించిన చెక్కలు ఊడదీసే రోజున, కట్టినవాడే ఆ కమాను కింద నిలబడాలని ఆ ఇంట్లో కట్టుబాటు ఉండేదట. కొడుకు ఇళ్ళు కట్టలేదు గానీ కట్టుబాటును వదల్లేదు. మా దగ్గర తయారైంది ఏదైనా సరే, ఫ్యాక్టరీలో మొదటిసారి నడిచే పూట దాన్ని రాసినవాడు యంత్రం పక్కన నిలబడాలి. గదిలో కూర్చుని అద్దంలోంచి చూస్తే కుదరదు. చేయి చాపితే తగిలేంత దగ్గరగా నిలబడాలి. ఉద్యోగంలో చేరిన రోజు ఈ మాట చెప్పినప్పుడు నాకు బాగా నచ్చింది. బియ్యం బస్తాలు కుట్టే మిషనుకో, నీళ్ళ మోటారుకో పక్కన నిలబడటమే కదా అనుకున్నాను.

మేము చేస్తున్న పని ఏమిటో ఇక్కడ చెప్పకపోతే ముందుకు పోవడం కష్టం. ఫ్యాక్టరీల్లో వాల్వులు తెరవడానికీ మూయడానికీ మేస్త్రీ చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. ట్యాంకు నిండితే వాల్వు మూయి, అన్న ధోరణిలో ఉండేది. ఆ భాషలో రాసినదాన్ని చిప్ పాటించగలిగే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. దాంట్లో రెండు సగాలుంటాయి. మొదటి సగం మనిషి రాసింది చదివి అర్థం చేసుకుంటుంది. రెండో సగం ఆ అర్థాన్ని చిప్ మాటల్లో తిరిగి రాస్తుంది. మద్రాసు పొలిమేరలోని మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో మా పాత చిప్ ఏళ్ళ తరబడి నడిచింది. ఆ చిప్ తయారుచేసేవాళ్ళు ఇక మీదట చేయబోమన్నారు. కొత్త చిప్ మాటలు పూర్తిగా వేరు. కాబట్టి చదివే సగాన్ని అలాగే ఉంచి, రాసే సగాన్ని మాత్రం మళ్ళీ మొదటినుంచి తయారుచేయాలి. ఆ పని మా ఇద్దరికీ పడింది. ఏ మాటకు ఏ ఆదేశాలు పుట్టాలో రాయడం నా వంతు. వాటిని వరసలో పేర్చి చిప్‌లోకి ఎక్కే రూపానికి తేవడం కెమిస్ట్రీ వంతు.

కొత్త చిప్‌కు ఒక అలవాటుంది. ఆదేశాలను వరసగా అమలు చేసుకుంటూ పోయేటప్పుడు, ఇక్కడినుంచి ఫలానా చోటికి దూకు అంటే వెంటనే దూకదు. ఆ తర్వాత వరసలో ఉన్న ఇంకొక ఆదేశాన్ని కూడా అమలు చేసి, అప్పుడు దూకుతుంది. మా బాబాయి ఒకాయన వస్తానమ్మా అని లేచి, చెప్పులు తొడుక్కుని, గడపలో నిలబడి ఇంకో విషయం చెబితే గానీ వెళ్ళేవాడు కాదు. అదే మాదిరి. (బాబాయి చెప్పేది ఒక విషయంతో ఆగేది కాదు, చిప్ అంతకంటే నయం.) ఆ గడప దగ్గర పొరపాటున వాల్వు తెరువు అన్న ఆదేశం ఉందనుకోండి, మూసి వెళ్ళాల్సింది తెరిచి వెళుతుంది. అందుకని దూకమన్న ప్రతిచోటా దాని వెనక 'ఏమీ చేయకు' అనే ఆదేశం ఒకటి పెట్టాలి. ఒకటి చాలని చిప్ గురించిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. నేను పుస్తకాలను నమ్మే మనిషిని. టీ వేళకు మేస్త్రీ ఆ మాట అనేదాకా ఈ పుస్తకాన్నీ నమ్మాను. ఆయన అటు వెళ్ళగానే కూర్చుని, ఒకటి ఉన్న ప్రతిచోటా రెండు వచ్చేట్టు మార్చాను. దానివల్ల నష్టం ఏమీ కనిపించలేదు. అది ఏమీ చేయదు కదా.

ఆ ట్యాంకులో ఏముంటుందో నాకు సరిగా తెలియదు. తెలుసుకోకుండా ఉంటే బాగుండేది. కెమిస్ట్రీని అడిగాను.

"కాస్టిక్ సోడా, నీళ్ళలో కరిగించింది" అన్నాడు. "యాసిడ్ కాదులే."

"అయితే నయమేనన్నమాట."

"యాసిడ్ అయితే పడంగానే మండుతాది. నువ్వే దూరం జరుగుతావు. ఇది అట్ల కాదప్పా. మొదట మెత్తగా ఉంటాది. జారుతాది, సబ్బు మాదిరి. ఎందుకు సబ్బు మాదిరి ఉంటాదో తెల్సునా?"

"చెప్పొద్దు."

"సబ్బే గనక. కొవ్వులో కాస్టిక్ కలిపితేనే గదా సబ్బయ్యేది. నీ చర్మంలో కొవ్వుండాది, ఆ పక్కనుంచి కాస్టిక్ వస్తాది. సరి, అయిపోయె."

"ఏం అయిపోయింది?"

"నువ్వు సబ్బయిపోతావు ఆంధ్రా. సన్నంగా ఉండావు గదా, ఒక బిళ్ళ వస్తే ఎక్కువ."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. అతనికి రసాయన శాస్త్రం మీద భక్తి ఉండేది. నన్ను భయపెట్టాలని చెప్పలేదు, అడిగాను కాబట్టి చెప్పాడు. అందువల్ల ఇంకా ఎక్కువ భయమేసింది. సగం పని నీదే కదా, నువ్వు నిలబడరాదూ అని అడిగాను. "నాది సుమ్మా వరస పేర్చే పని. మూయమని చెప్పేది ఎవురు? నువ్వు" అన్నాడు. (సుమ్మా అంటే తమిళంలో ఊరికే అని, అతనికి అది ఊతపదం.) నువ్వు తప్పుగా పేరిస్తేనో అన్నాను. "పేరిస్తే నీ మీద పడతాది, నాకేమి" అని తన తెర వైపు తిరిగిపోయాడు. మర్నాడు పొద్దున స్నానానికి సబ్బు చేతిలోకి తీసుకుని కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. వట్టి నీళ్ళు పోసుకుని వచ్చేశాను.

గురువారం ఆఫీసులో పరీక్ష చేశాం. ఫ్యాక్టరీలో గొట్టంలోంచి ద్రవం పోతుంటే, కొంత పోయినప్పుడల్లా గొట్టానికి బిగించిన మీటరు చిప్‌కు ఒక సంకేతం పంపుతుంది. చిప్ ఆ సంకేతాలను లెక్కపెట్టుకుంటూ ఉండి, చాలినన్ని రాగానే వాల్వు మూస్తుంది. మా దగ్గర గొట్టమూ లేదు, మీటరూ లేదు. కాలింగ్ బెల్లు స్విచ్చి ఒకటి బల్లకు బిగించాం. మీటరు బదులు కెమిస్ట్రీ వేలు. అతను నొక్కుతూ పోయాడు. వాల్వు బదులు పెట్టిన ఎర్ర దీపం ఎక్కడ ఆరాలో అక్కడే ఆరింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఆరింది. ఇంకొకసారి అన్నాను. "నా వేలు సబ్బయిపోయేట్టుండాది" అన్నాడు. మేస్త్రీ ముక్కుమీది కళ్ళద్దాల పైనుంచి చూసి, "సరి" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు మేమెప్పుడూ వినలేదు. ఆ పూట వరకు నా భయం కొంచెం తగ్గింది.

శుక్రవారం పొద్దున చొక్కా దగ్గర మళ్ళీ మొదలైంది. కాస్టిక్ పడి పాడైపోయేట్టయితే పాత చొక్కా వేసుకోవడం మంచిది. కానీ ఆస్పత్రిదాకా వెళ్ళాల్సి వస్తే, అక్కడ నలుగురూ చూస్తారు, మనిషి ఇంత మాసిన చొక్కాలో ఉన్నాడేమిటి అనుకుంటారు. ఎంతకీ తేల్చుకోలేక పాతదాని మీద కొత్తది వేసుకున్నాను. ఎండాకాలం మద్రాసులో రెండు చొక్కాలు. బస్సు దగ్గరికి చేరేసరికే తడిసిపోయాను. మేస్త్రీ ముందే వెళ్ళిపోయారు. బస్‌స్టాపులో కెమిస్ట్రీ టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను రానక్కర్లేదు. అతన్ని ఎవరూ రమ్మనలేదు.

"నువ్వెక్కడికి?" అన్నాను.

"సుమ్మా వస్తాండా. ఈడ కూర్చుని ఏమి చేసేది?"

"దాంట్లో ఏముంది?"

"అమ్మ నిమ్మకాయన్నం చేసిచ్చినాది. పులుపుండాదిలే. కాస్టిక్‌కు పులుపే విరుగుడు."

"నిజంగా పనిచేస్తుందా?" అన్నాను ఆశగా.

"చెయ్యదు. మీద పడితే నీళ్ళే పోయాల, శానాసేపు. ఇది తినేదానికి."

మనలి దగ్గరపడుతుంటే గాలి వాసన మారుతుంది. కెమిస్ట్రీ కిటికీలోంచి ముక్కు బయటపెట్టి, ఇది ఫలానా, ఇదిగో ఇప్పుడొచ్చింది ఫలానా అని ఒక్కొక్కదాని పేరూ చెబుతూ వచ్చాడు. వినకుండా ఉండాలని నేను కండక్టరు తమిళంలో ఎవరితోనో పెట్టుకున్న తగాదా మీద దృష్టి పెట్టాను. నా తమిళం అప్పటికి అంతంతమాత్రం. తగాదా అర్థం కాలేదు, వాసనల పేర్లు మాత్రం అన్నీ వినిపించాయి.

ఫ్యాక్టరీలో ట్యాంకు నా ఎత్తుకు రెండింతలుంది. దాని దగ్గర ఉండే ఆపరేటరు మా తెలుగు విని సంతోషించాడు, వాళ్ళదీ తెలుగిల్లేనట. "ఆంధ్రాలో యా ఊరు సార్ మీది?" అని అడుగుతూనే ట్యాంకు పక్కనున్న తన కుర్చీని ఎత్తుకెళ్ళి దూరంగా ఒక స్తంభం వెనక వేసుకున్నాడు.

"కుర్చీ ఎందుకు మార్చావన్నా?" అన్నాను.

"మీ చిప్పుండే పెట్టె కొత్తది గదా సార్. మొదటి తూరి ఎట్లాగూ పైన పడతాది. మీరు ఆడనే నిలబడతారంట గదా, మీ సార్ చెప్పినాడు." అని నా రెండు కాలర్ల వైపు ఒకసారి చూసి, గోడ దగ్గరున్న షవర్ చూపించాడు. లోపలికి వచ్చే కొత్తవాళ్ళందరికీ దాన్ని చూపించాలని అక్కడ రూలట. "మీద ఏమన్నా పడితే ఆ గొలుసు లాగండి. మద్రాసులో యాడా నీళ్ళు రాకపోయినా దాంట్లో మాత్రం వస్తాయి."

మేస్త్రీ అద్దాల గదిలో ఉన్నారు. మొదలుపెట్టే మీటా, ప్రమాదం వస్తే ఆపే మీటా రెండూ అక్కడే ఉన్నాయి. కెమిస్ట్రీని నేల మీద గీసిన పసుపు గీత దగ్గర ఆగమన్నారు. నేను గీత దాటి వెళ్ళి వాల్వు పక్కన నిలబడ్డాను. చేయి చాపితే తగులుతుంది. చాపలేదు. ట్యాంకుకు నిలువునా ఒక గాజు గొట్టం బిగించి ఉంది, లోపల ఎంత ఎత్తు నిండిందో దాంట్లో కనిపిస్తుంది. పైకి దగ్గరలో ఎర్ర గీత. ద్రవం ఆ గీత దగ్గరికి రాగానే మా ఆదేశం వాల్వును మూయాలి.

మేస్త్రీ మీట నొక్కారు. వాల్వు తెరుచుకుంది. గొట్టంలో ఒక పోటు వచ్చినట్టు చప్పుడై, గాజులో మట్టం పెరగడం మొదలైంది. రంగు లేదు. కాస్టిక్ ద్రావణానికి రంగుండదని కెమిస్ట్రీ ముందే చెప్పాడు. ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మూసుకుంటుంది అనుకున్నాను. గీత దాటింది. మూసుకునే ముందు కొంచెం దాటుతుందేమో అనుకున్నాను. ఇంకొంచెం దాటింది. వెనక నుంచి కెమిస్ట్రీ, "ఆంధ్రా, వచ్చెయ్ రా" అన్నాడు. పారిపోకుండా నిలబడటం ధైర్యమని తర్వాత ఒకరిద్దరు నన్ను మెచ్చుకున్నారు. అందులో నిజం లేదు. నా కాళ్ళకు దూకు అని చెప్పాను. అవి 'ఏమీ చేయకు' దగ్గరే ఉండిపోయాయి.

పై మూత పక్కనుంచి పొంగి ముందు నా భుజం మీద పడింది, తర్వాత తల మీద. మంట లేదు. చల్లగా, మెత్తగా ఉంది. మొదట మెత్తగా ఉంటాదని అతను చెప్పిందదే. అంతవరకూ గుర్తుంది. ఆ తర్వాత ఎవరో నా చేయి పట్టుకుని లాగారు. కెమిస్ట్రీ పసుపు గీత దాటి, ఆ ధార కిందికే వచ్చి, నన్ను ఈడ్చుకుంటూ షవర్ కిందికి తోసి గొలుసు లాగాడు. దాంట్లోంచి నీళ్ళు నిజంగానే వచ్చాయి.

"కండ్లు మూసుకో. నోరు మూసుకో. జారుతాందా?"

"జారుతోందిరా" అన్నాను, నోరు మూసుకోమన్నది మరిచిపోయి.

"సబ్బు మాదిరా?"

"సబ్బు మాదిరే."

తన చేతులు రెండూ రుద్ది చూసుకున్నాడు. "అయ్యో, నాకూ జారుతాంది" అన్నాడు. నా మీద పడుతున్నదాన్ని అరచేతులతో కిందికి తోస్తూ, "చొక్కా తియ్" అన్నాడు. తీశాను. "ఇంకోటుండాదే."

"రెండు వేసుకున్నాను."

"ఎందుకప్పా?"

"తర్వాత చెబుతాను."

అతను ఒక చేత్తో గొలుసు, ఒక చేత్తో నా మోచేయి వదలకుండా పట్టుకున్నాడు. ఈలోగా మేస్త్రీ ప్రమాదపు మీట నొక్కి, వాల్వు మూయించి, నింపాదిగా నడుచుకుంటూ వచ్చి మా ముందు నిలబడ్డారు. మమ్మల్నిద్దర్నీ కాసేపు చూశారు.

"ఏమప్పా, నీళ్ళను నీళ్ళతో కడుగుతాండారు?" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. "నీళ్ళా సార్?" అన్నాను.

"నీళ్ళు గాక? మొదటి తూరి యావడన్నా కాస్టిక్ పోస్తాడా? పెండ్లిలో కూడా ముందు నీళ్ళే గదా పెట్టేది."

మొదటిసారి నీళ్ళతో నడిపి చూస్తారన్నది ఆ ఫ్యాక్టరీలో గేటు దగ్గర మనిషికి కూడా తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. మా ఇద్దరికీ తెలియదన్నది ఎవరికీ తోచలేదు. స్తంభం వెనకనుంచి ఆపరేటరు, "పైన పడతాదని నేను చెప్పినానే సార్. తడుస్తాననే గదా కుర్చీ మార్చుకున్యా" అన్నాడు. కెమిస్ట్రీ అరచేతిలో కొంచెం పట్టి వాసన చూశాడు, వెలుతురులో పెట్టి చూశాడు, కాలేజీలో మాస్టారికి జవాబు చెబుతున్నట్టు, "నీళ్ళే సార్" అన్నాడు. "గొలుసు వదలండి సార్, ఊళ్ళో తాగేదానికి లేవు" అన్నాడు ఆపరేటరు. అప్పుడు వదిలాడు.

ఎండలో మెట్ల మీద కూర్చుని ఆరుతూ నిమ్మకాయన్నం తిన్నాం, మేస్త్రీ కూడా మాతోనే కూర్చున్నారు. మా కంపైలర్ పుట్టించిన ఆదేశాలు అచ్చువేసిన కాగితాలను కెమిస్ట్రీ ఒళ్ళో పెట్టుకుని వేలితో చదువుకుంటూ పోతున్నాడు. ఒకచోట ఆగాడు. "ఇదేమి, గడప దగ్గర ఒకడుండాలంటే ఈడ తిరునాళ్ళ మాదిరి ఉండారే" అన్నాడు. 'ఏమీ చేయకు', దాని కింద 'ఏమీ చేయకు', దాని కింద మళ్ళీ అదే, ఇంకోసారి అదే.

"రెండు నావి" అన్నాను.

అతను వేలు అక్కడే ఉంచి మళ్ళీ లెక్కపెట్టాడు. "రెండు నావి" అన్నాడు తర్వాత.

"నువ్వెందుకు పెట్టావు?"

"నీ మీద పడతాది గదా అని."

అవి పోగా మీటరును చదివే ప్రతిచోటా ఇంకొన్ని ఉన్నాయి. అవి మా ఇద్దరివీ కాదు. ఇద్దరం ఒకేసారి మేస్త్రీ వైపు చూశాం. ఆయన నములుతూ ఎదురుగోడ వైపు చూశారు. "మీరు చిన్నపిల్లోళ్ళు గదా" అన్నారు. "ఉంటే మంచిదేలే అనుకున్యా." పాత చిప్‌కు ఆయనే కంపైలర్ రాసి, ఇదే ట్యాంకు పక్కన ఆయనే నిలబడ్డారని మాకు ఆ రోజే తెలిసింది. అప్పుడు ఎట్లా ఉందని కెమిస్ట్రీ అడిగాడు. "ఎట్లుంటాది" అన్నారు, మళ్ళీ గోడవైపు తిరిగి.

జరిగిందేమిటో అప్పుడు తేలిపోయింది. ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం భయపడి, భయపడ్డ చోటల్లా చిప్‌ను ఏమీ చేయవద్దన్నాం. అది బుద్ధిగా ఏమీ చేయకుండా కూర్చుంది. అది కూర్చున్న సందులో మీటరు పంపే సంకేతాలు వచ్చి వెళ్ళిపోయాయి. వచ్చినవాటిలో సగం కూడా దాని లెక్కలోకి ఎక్కలేదు. ట్యాంకు పొంగుతున్నా దాని దృష్టిలో ఇంకా సగం కూడా నిండలేదు. ఆఫీసులో ఇది బయటపడలేదంటే, మీటరు వేగంతో నొక్కే వేలు కెమిస్ట్రీకి లేదు. మేము చేసిన పరీక్షలో సరిగ్గా లెక్కించింది చిప్ కాదు, అతని వేలి నెమ్మది.

వెనక్కి వెళ్ళి అన్నీ తీసేసి, పుస్తకం చెప్పినట్టు గడపకు ఒకటే ఉంచాం. ఒక్కొక్కటి తీస్తుంటే నాకు ఒంటి మీది గుడ్డలు తీస్తున్నట్టే ఉంది. సోమవారం మళ్ళీ నీళ్ళతో నడిపితే ఎర్ర గీత మీద ఆగింది. ఆ మధ్యాహ్నమే కాస్టిక్ పోశారు. ఈసారి ఆపరేటరు కుర్చీ ఎక్కడ వేసుకున్నాడో నేను చూడలేదు, చూడదలుచుకోలేదు. వాల్వు పక్కకు వెళ్ళి నిలబడ్డాను. శుక్రవారం ఏం పడుతుందో తెలియక భయపడ్డాను, సోమవారం తెలిసి భయపడ్డాను, రెండోదే ఎక్కువ. కెమిస్ట్రీ పసుపు గీత దాటి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నిన్ను అక్కడ ఉండమన్నారు కదా" అన్నాను.

"సగం నాది గదా" అన్నాడు.

"మొన్న అలా అనలేదే."

"మొన్న ఇంత ఆలోచన చెయ్యలే. సుమ్మా నిలబడు."

మేస్త్రీ మీట నొక్కే పని ఆపరేటరుకు అప్పగించి, గదిలోంచి వచ్చి అతని పక్కన నిలబడ్డారు. గాజులో మట్టం పెరిగింది. గీత దగ్గరికి వచ్చింది. టక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఆ చప్పుడు ఇంత చిన్నదిగా ఉంటుందని నేను అనుకోలేదు. మేస్త్రీ, "సరి" అన్నారు.

తర్వాత కొన్నేళ్ళకు మా ఆఫీసు మూతపడింది, మేస్త్రీ కూడా పోయారు. కెమిస్ట్రీకి షోళింగనల్లూరులో పెద్ద కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఎక్కడో పైదేశాల్లో నడిచే యంత్రాలకు కోడ్ రాసేవాడు. వాటిలో ఒక్కదాన్నీ కంటితో చూడలేదు. ఎప్పుడన్నా ఒకసారి పోయి పక్కన నిలబడాల ఆంధ్రా, అనేవాడు. యంత్రం పక్కన నిలబడతానంటే నీకు వీసా ఎవరిస్తారు అనేవాణ్ని నేను. ఇద్దరం నవ్వేవాళ్ళం.

రెండేళ్ళ కిందట అతను ఆస్పత్రిలో ఉన్నప్పుడు మధ్యాహ్నాలు నేను వెళ్ళి కూర్చునేవాణ్ని. మంచం పక్కన ఒక చిన్న పెట్టె ఉండేది. మందును కొలిచి, సన్నటి గొట్టంలోంచి అతని చేతిలోకి పంపేది. లోపల ఏదో లెక్కపెట్టుకుంటూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఉండేది. నేను లేచి దానికి దగ్గరగా వెళ్ళి చూస్తుండటం అతను గమనించాడు.

"దీన్ని రాసినోడు యాడుండాడు?" అన్నాడు.

"ఎక్కడో ఉంటాడు."

"పిలువు. పక్కన నిలబడమను."

"నేను నిలబడ్డాను కదరా."

"నువ్వు రాయలే గదా."

"రాయలేదు."

"అయితే కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. మరి నాలుగు వారాలకు అతను పోయాడు. ఆ పెట్టె చివరిదాకా తన పని తను సరిగ్గానే చేసింది, దాని మీద నాకేమీ ఫిర్యాదు లేదు. ఇప్పటికీ ఎక్కడన్నా యంత్రం ఒకటి కొత్తగా పెట్టి నడిపిస్తుంటే, నా కాళ్ళు నేను చెప్పకుండానే దానికి కొంచెం దగ్గరగా జరుగుతాయి. కొంచెం దూరంగా ఉండండి అని అక్కడివాళ్ళు చెబుతారు. ఈ పెద్దాయనకు ఏం పని అనుకుంటారు కాబోలు, నాకూ నవ్వు వస్తుంది. జరిగిన కాళ్ళను వెనక్కి తీసుకుంటాను. రాసినవాణ్ని యంత్రం పక్కన నిలబెట్టడం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.